శ్రీశైలం ఒక్కరోజులో: గైడు ఉన్న బస్సా, సొంత కారా?

మీరు కూకట్‌పల్లిలో ఉంటారు. వెంట వచ్చేది మీ అమ్మగారు, అమ్మాయి. అమ్మగారికి అరవై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మాయికి పదకొండేళ్లు, ఘాట్ రోడ్డెక్కితే వాంతులు. వచ్చే ఆదివారం గైడు ఉండే టూరిస్టు బస్సులో శ్రీశైలం వెళ్లి ఆ రాత్రికే ఇల్లు చేరాలనుకుంటున్నారు. కరపత్రంలో ఎనిమిది చోట్లు చూపిస్తామని రాశారు, అది జరిగే పనేనా, కారులో పోవడమే నయమా అని అడిగారు.

ఎనిమిది జరగవు. ఆ దారిలో టూరిస్టు బస్సుల్లో పందొమ్మిదేళ్లు గైడుగా తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మానేశాను, ఎవరి టికెట్టూ అమ్మిపెట్టాల్సిన పని నాకు లేదు. కరపత్రాలు రాసేవాళ్లు బస్సెక్కరు. వాళ్లు 'దర్శనం' అని రాసిన చోట్లలో సగం మీకు కిటికీలోంచే కనబడతాయి.

ఒక్కరోజు ప్రయాణానికి అసలు యజమాని అడవి గేటు. ముందు దాన్ని లెక్కలోకి తీసుకోండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. మన్ననూరు చెక్‌పోస్టు దాటినప్పటి నుంచి దోమలపెంట దాకా రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వులోంచే పోతుంది. రాష్ట్ర విభజన దాకా కృష్ణకు ఇరువైపులా ఉన్న ఈ నల్లమల అంతా నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వు పేరుతో ఒకటిగానే ఉండేది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ అడవి రోడ్డు మీద రాకపోకలు ఆపేస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. కొండకు అవతల, దోర్నాల వైపు ఘాట్‌లోనూ ఇదే పద్ధతి. అంటే తొమ్మిది దాటితే కొండ మీద ఉన్నవాళ్లు కొండ మీదే.

ఇది నాకు పాఠం నేర్పి మరీ వదిలింది. ఒక కార్తీక ఆదివారం బస్సు యజమాని ఫోను చేసి, శిఖరం (ఊరి అవతల, గుడి శిఖరం దూరంనుంచి కనబడే చోటు) చూపించకుండా తీసుకొస్తే జనం డబ్బు వాపసు అడుగుతారు, చూపించే రండి అన్నాడు. చూపించాం. దోమలపెంట గేటు దగ్గరికి వచ్చేసరికి నా చేతి గడియారంలో 9:08. కర్ర అడ్డంగా పడిపోయి ఉంది. బస్సులో నలభై ఒక్కమంది. నేను దిగి ఎనిమిది నిమిషాలే కదా అని బతిమాలాను. అక్కడున్న కాపలాదారు చాలా మర్యాదగా, "ఎలుగుబంటికి ఎనిమిది నిమిషాలు చాలు సార్" అన్నాడు. మాట్లాడకుండా వచ్చి బస్సెక్కాను. ఆ రాత్రి ఒక టీ కొట్టు ఆయన పసిపిల్లలున్న తల్లులకు పాలు కాచి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఒక పెద్దావిడ రాత్రి వేసుకోవాల్సిన మందులు ఇంట్లో ఉన్నాయి. తెల్లవారి ఆరుకు కర్ర లేచేదాకా ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆ నెల జీతంలో కోత పడింది, అది వేరే సంగతి. మీ అమ్మగారి మందులు ఒక రాత్రికి సరిపడా ఎక్కువే సంచిలో పెట్టుకోండి.

ఇప్పుడు గంటలు లెక్కపెడదాం. బస్సు ఉదయం ఐదుకు బయలుదేరుతుందని చెబుతారు. ఐదుకు బయలుదేరేది మీ ఇంటి దగ్గర. కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్, దిల్‌సుఖ్‌నగర్ అంటూ ఒక్కో స్టాపులో ఒక్కో ఆలస్యపు కుటుంబం కోసం ఆగి, చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ దాటి తుక్కుగూడ దగ్గర శ్రీశైలం రోడ్డెక్కేసరికి ఆరున్నర. అక్కడి నుంచి టిఫిను, మైసిగండి మైసమ్మ దగ్గర డ్రైవరు కొట్టే కొబ్బరికాయ, డిండి దగ్గర ఫొటోలు. కొండ మీద దిగేది పదకొండు దాటాకే. సాయంత్రం ఐదుకల్లా తిరుగు ప్రయాణం మొదలుపెట్టకపోతే గేటు భయం పట్టుకుంటుంది. దేవుడికి, భోజనానికి, మిగతా అన్నిటికీ కలిపి మీకు మిగిలేది ఆరు గంటలు. ఆదివారం అందులో మూడు క్యూలో పోతాయి. అందుకే ఎనిమిది చోట్ల మాట నేను నమ్మను.

ఒక చిన్న కిటుకు చెబుతాను. మీ పేరు మొదటి స్టాపులో కాకుండా చివరి స్టాపులో రాయించుకోండి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా క్యాబ్‌లో తుక్కుగూడ చేరి అక్కడ ఎక్కితే అమ్మగారికి గంటన్నర కూర్చునే బాధ తప్పుతుంది, ఆ గంటన్నర నిద్ర దక్కుతుంది. సీటు మాత్రం ముందే ఖరారు చేసుకోండి. అమ్మాయికి ముందు చక్రాలకు వెనక చక్రాలకు మధ్య ఉన్న వరుసల్లో కిటికీ సీటు అడగండి. వెనక చక్రాల మీద సీటైతే పెద్దవాళ్లకే కడుపులో తిప్పుతుంది. వాంతులకు మాత్ర వాడేట్టయితే డాక్టరును అడిగి మన్ననూరు దాటాక ఇవ్వండి. ఉదయం ఐదింటికి ఇస్తే అది అడవిలో పనిచేయాల్సిన వేళకు అయిపోతుంది. అసలు వంపులు దోమలపెంట తరువాతే.

గైడు వల్ల లాభమేమిటని అడిగారు. గుళ్లో పెద్దగా లేదు. లోపల గైడు మీతోపాటు క్యూలో నిలబడే మరో మనిషి, అంతే. గైడు జీతానికి న్యాయం చేసేది దారిలో. మంచి గైడు మన్ననూరు గేటు దాటగానే మైకు కట్టేస్తాడు, పాటలు ఆపించేస్తాడు. జనం తిట్టుకుంటారు. పది నిమిషాలయ్యాక కిటికీలు తెరుచుకుంటాయి, నెమళ్ల అరుపు వినబడుతుంది, కొండముచ్చులు కనబడతాయి, అదృష్టముంటే దుప్పుల మంద. పులి కనబడుతుందని ఏ గైడైనా చెబితే అతని మిగతా మాటలు కూడా అదే తూకంతో తూచండి. పులి కోసం వెళ్లేవాళ్లు అటవీ శాఖ వాళ్ల సఫారీ బండిలో ఫరహాబాద్ వైపు వెళతారు, అది ఒక్కరోజు బస్సు ప్యాకేజీలో ఇమిడే పని కాదు. వటవర్లపల్లి దగ్గర పక్కదారిలో ఉన్న మల్లెల తీర్థం జలపాతమూ అంతే. మూడు వందలకు పైగా మెట్లు దిగి, మళ్లీ ఎక్కాలి. కరపత్రంలో అది ఉంటే అమ్మగారి తరఫున నేనే కొట్టేస్తున్నాను.

దోమలపెంట దాటి ఈగలపెంట మీదుగా ఘాట్ దిగుతుంటే ఒక మలుపులో లోయ ఒక్కసారిగా తెరుచుకుంటుంది, అడుగున ఆనకట్ట కనబడుతుంది. అక్కడ ఆగని బస్సు లేదు. ఆ తరువాత రోడ్డు ఆనకట్టకు దిగువన ఉన్న వంతెన మీదుగా కృష్ణను దాటుతుంది. అప్పుడు ఆనకట్ట మీ కుడివైపు ఉంటుంది, కాబట్టి అమ్మాయిని కుడి కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. సాగర్‌కు 26 గేట్లు, ఇక్కడ 12 మాత్రమే ఎందుకని పిల్లలు అడుగుతారు. ఇక్కడ నది ఇరుకైన లోయలోంచి పోతుంది కాబట్టి కట్ట పొడవు 512 మీటర్లే, ఎత్తు మాత్రం 145 మీటర్లు. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఆ గీతనూ దాటి వచ్చాయి.

మీ అమ్మాయికి ఇంకో సంగతి చెప్పండి, పదకొండేళ్ల వాళ్లకు ఇది బాగా పడుతుంది. మీరు దిగి వచ్చిన ఎడమ గట్టు కొండ కడుపులో విద్యుత్ కేంద్రం ఉంది, ఒక్కొక్కటి 150 మెగావాట్ల యంత్రాలు ఆరు. అవి రెండు వైపులా తిరుగుతాయి. కరెంటు కావలసినప్పుడు పైనుంచి నీళ్లు వదిలి తిప్పుతారు. కరెంటు మిగులు ఉన్న వేళ అవే యంత్రాలను పంపుల్లా వెనక్కు తిప్పి, కిందికి పోయిన నీళ్లను మళ్లీ జలాశయంలోకి ఎక్కించవచ్చు. నేను ఇది చెప్పినప్పుడు ఒక పిల్లవాడు "అంటే కృష్ణ రివర్స్ గేరు వేస్తుందా?" అన్నాడు. ఆ తరువాత ప్రతి బస్సులో అది నా మాటగానే చెప్పుకున్నాను.

గేట్లు ఎత్తిన వారంలో మాత్రం వెళ్లకండి. టీవీలో పన్నెండు గేట్లు కనబడగానే హైదరాబాద్‌లో సగంమంది కారు తాళాలు తీస్తారు. ఘాట్‌లో కిలోమీటర్ల కొద్దీ వాహనాలు నిలిచిపోతాయి. ఆనకట్ట చూద్దామని వెళ్లి ముందు లారీ వెనక భాగం మాత్రమే చూసి తిరిగొచ్చిన బస్సులు నాకు తెలుసు.

వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. సున్నిపెంట మీదుగా మళ్లీ ఎక్కి కొండ మీది ఊరికి చేరతారు. ఇక్కడే సమయం నీళ్లలా పోతుంది. ఆలయంలోకి ఫోన్లు అనుమతించరు. నలభైమంది నలభై ఫోన్లు కౌంటరులో ఇచ్చి చీట్లు తీసుకుని, బయటికొచ్చాక చీటీ పోయిందని ఒకరు వెతుక్కుంటుంటే అరగంట గల్లంతు. మీ ఫోన్లు, చెప్పులు బస్సులోనే వదిలేసి దిగండి. ఎండాకాలమైతే రాతి నేల కాలుతుంది, అమ్మగారికి నీడ వైపు నడవమని చెప్పండి. దర్శనం టికెట్టు ప్యాకేజీలో ఉందా, ఉంటే ఏ రకం అన్నది డబ్బు కట్టేముందే రాయించుకోండి. "దర్శనం ఉంటుంది" అంటే ఉచిత క్యూ చూపించడమేనని చెప్పిన వాళ్లున్నారు. మీరే దేవస్థానం వెబ్‌సైటులో టికెట్లు తీసుకోవడం అన్నిటికన్నా మేలు. మధ్యాహ్నం కొంతసేపు దర్శనాలు ఆగుతాయి, ఆ వేళలూ అక్కడే చూసుకోండి. స్పర్శ దర్శనం కావాలంటే మగవాళ్లకు పంచె, ఆడవాళ్లకు చీర గానీ చున్నీతో చుడీదారు గానీ తప్పనిసరి.

పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి, పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటి ఒకే ఆవరణలో ఉన్న చోటు ఇది. మల్లన్నను చూసి భ్రమరాంబ అమ్మవారి మెట్ల దగ్గరికి వచ్చేసరికి గైడు గడియారం చూపిస్తాడు. అప్పుడు మీరు నా మాట వినాలి. కరపత్రంలోని ఇంకో రెండు చోట్లు వదిలేసినా సరే, బయటికొచ్చి ప్రాకారం గోడ వెంట నడవండి. జనం దాని పక్కనే నిలబడి కొబ్బరికాయలు బేరమాడతారు, గోడను చూడరు. వరుసలు వరుసలుగా చెక్కిన రాళ్లు. ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్లు, నాట్యగత్తెలు, శివుడి కథలు. ఒక వరుసలో ఏనుగులు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. చూపుడు వేలితో రాతిని తాకకుండా, గాలిలోనే, వాటి తొండాలను లెక్కపెట్టమని పిల్లలకు చెప్పేవాణ్ణి. ఏ రెండు తొండాలూ ఒక్కలా ముడుచుకోవు. ఒకటి ముందు ఏనుగు తోకను పట్టుకోబోతుంటుంది, ఇంకొకటి అలిగినట్టు పక్కకు తిప్పుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కూడా ఇది హాయి, నేల చదునుగా ఉంటుంది, అలసిపోతే ఆగిపోవచ్చు. ఆలయం చుట్టూ నడిచారంటే ముప్పావు గంట. గుడి ఉత్తర గోపురం కట్టించింది శివాజీ అని చెబుతారు. 1677లో దక్షిణాదికి దండెత్తి వచ్చినప్పుడు ఆయన ఇక్కడ ఆగాడు.

కొండ కింద కృష్ణ ఒడ్డున ఉన్న పాతాళగంగకు రోప్‌వే ఉంది. అమ్మగారు దాన్లో దిగి, దాన్లోనే ఎక్కవచ్చు. మెట్ల జోలికి పోవద్దు. అయితే రోప్‌వే దగ్గరా క్యూ ఉంటుంది, ఆదివారం గంట పట్టవచ్చు. క్యూ పొడవుంటే నిర్మొహమాటంగా వదిలేయండి.

ఇక శిఖరం, సాక్షి గణపతి, హటకేశ్వరం, పాలధార-పంచధార. ఇవన్నీ ఊరు దాటి దోర్నాల వెళ్లే దారిలో ఉన్నాయి, హైదరాబాద్ నుంచి వచ్చే దారిలో లేవు. అంటే వెళ్లి మళ్లీ వెనక్కు రావాలి. కరపత్రం రాసినవాడు ఈ సంగతి దాటేస్తాడు. శిఖరం ఊరికి ఎనిమిది కిలోమీటర్లు. నువ్వులు రోట్లో వేసి తిప్పి, నంది కొమ్ముల మధ్యనుంచి గుడి శిఖరాన్ని చూస్తే మళ్లీ జన్మ ఉండదని పెద్దల మాట. రోడ్లు లేని రోజుల్లో ఆత్మకూరు వైపునుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నడిచి వచ్చేవాళ్లు. ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. రోజుల తరబడి నడిచి, గుడికి చేరలేమేమో అనుకున్నవాళ్లకు దూరంనుంచి శిఖరం కనబడితే ఎలా ఉండేదో ఊహించండి. ఇప్పటికీ శివరాత్రికి, ఉగాదికి కన్నడ భక్తులు ఆ అడవి దారిన నడిచి వస్తారు. ఏసీ బస్సులో వచ్చి పది నిమిషాల్లో నంది కొమ్ముల మధ్య చూసి పరిగెత్తేవాళ్లకు ఆ ఫలం దక్కుతుందో లేదో నాకు తెలియదు గానీ, ఒక గంటన్నర మాత్రం ఖర్చవుతుంది. సాక్షి గణపతి దగ్గరే, మూడు కిలోమీటర్లు. మనం వచ్చామని కైలాసంలో సాక్ష్యం చెబుతాడంటారు. అమ్మగారు అడుగుతారు, అది ఒక్కటీ పెట్టుకోండి.

భోజనానికి దేవస్థానం అన్నదానం ఉంది, సత్రాలున్నాయి. బస్సువాళ్లు తీసుకెళ్లే హోటలు వాళ్లకు లాభసాటి కాబట్టి తీసుకెళతారు, అందులో రహస్యమేమీ లేదు. డ్రైవరుకు, గైడుకు అక్కడ భోజనం ఉచితం. నేనూ తిన్నాను. తేనె కొనాలనిపిస్తే రోడ్డు పక్కన పట్టు చూపించి పిండిచ్చే సీసాల దగ్గర ఆగకండి, గిరిజన సహకార సంస్థ కొట్లో కొనండి.

బస్సా, కారా? నిజాయతీగా చెబితే మీ ముగ్గురికీ డ్రైవరుతో అద్దె కారే మేలు, కానీ ఒక షరతు మీద. తెల్లవారుజామున మూడింటికి ఇంట్లో బయలుదేరాలి, మన్ననూరు గేటు ఆరింటికి తెరిచేసరికి మీ కారు వరుసలో ముందుండాలి. మంచు విడవని ఆ మొదటి గంటలో అడవి ఎలా ఉంటుందో పదకొండింటికి చేరే బస్సు ప్రయాణికులకు ఎన్నటికీ తెలియదు. ఎనిమిదిన్నరకు గుడి దగ్గరుంటారు. మధ్యాహ్నం రెండుకే దిగడం మొదలుపెట్టవచ్చు. మూడింటికి లేవలేమంటారా, అప్పుడు బస్సే ఎక్కండి. ఎనిమిదింటికి బద్ధకంగా బయలుదేరే కారు కన్నా ఐదింటి బస్సు వేయి రెట్లు నయం. సొంతంగా నడుపుకుంటూ వెళ్లి, దర్శనం చేసి, అలసిపోయి సాయంత్రం మళ్లీ ఆ ఘాట్ నడపడం నేను ఎవరికీ చెప్పను. మీ అమ్మగారు కోరుకునేది దేవుణ్ణి కాకుండా కాస్త కొండ గాలి మాత్రమే అయితే వికారాబాద్ పక్కన అనంతగిరి ఉంది, ఎనభై కిలోమీటర్లే, మూసీ పుట్టేది అక్కడే. పెద్దగా ప్రణాళిక కూడా అక్కర్లేదు.

ఆదివారమే కావాలా, ఒకసారి ఆలోచించండి. సోమవారం శివుడి రోజు కాబట్టి అది ఇంకా కష్టం. మంగళవారం నుంచి గురువారం దాకా ఏ రోజైనా సగం జనమే ఉంటారు. అమ్మాయికి బడి ఒకరోజు పోతే పోయింది. కార్తీకం, శివరాత్రి, ఉగాది ముందు రోజులు వదిలేయండి. వానలు తగ్గాక సెప్టెంబరు నుంచి, కార్తీకం తప్పించి, జనవరి దాకా అడవి పచ్చగా ఉంటుంది. మార్చిలో ఆకులు రాలిపోతాయి గానీ మోదుగులు పూస్తాయి, అదీ బాగుంటుంది. ఏప్రిల్, మే వద్దు.

పెరుగన్నం డబ్బా తెచ్చుకుంటే అమ్మాయికి తిరుగు ప్రయాణంలో కడుపు చల్లగా ఉంటుంది. ఆనకట్ట మలుపు దగ్గర మాత్రం దాన్ని బయటికి తీయకండి. అక్కడి కోతులకు ఏ సంచిలో ఏముందో గైడు కన్నా బాగా తెలుసు.